జలుబు లేనివాడి జలుబు మాత్రలు

నా మొగుడు ఉబాల్దో ఒంటికి వెళ్ళిన సంగతి మా వీధిలో సగం ఇళ్ళకు తెలుస్తుంది. మా స్నానాలగది గోడలు రేకువి మరి. పెళ్ళైన కొత్తలో ఆ చప్పుడు వినలేక పక్కింటి ఎర్సిలియా కిటికీ రెక్క ధడాలున మూసేది. "మీ ఇంట్లో గుర్రాన్నేమైనా కట్టేశారా?" అని నన్ను ఏడిపించేది. ఇప్పుడా కిటికీ తీసే ఉంచుతోంది. వినడానికి ఏముంది గనక? రెండు చుక్కలు, ఒక నిట్టూర్పు, ఇంకో చుక్క, ఆ పైన ఒక తిట్టు.

"అయిందా?" అని వంటింట్లోంచి అడుగుతాను.

"నీ చిక్కుళ్ళు నువ్వు ఏరుకోవే!"

బయటికొచ్చి కూర్చుంటాడు. కాఫీ నోటి దాకా వెళ్ళేలోపు మళ్ళీ లేస్తాడు. లోపల ఇంకా మిగిలిపోయిందట, కానీ రాదట.

వయసు మళ్ళిన మగవాళ్ళకు మూత్రసంచి కింద ఒక గ్రంథి ఉబ్బి దారిని నొక్కేస్తుందని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అది ఎంత ఉబ్బిందో చూడాలంటే డాక్టరు వెనకనుంచి వేలు పెట్టి తడుముతారన్న సంగతి కూడా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది. పైగా మా ఊరి ఆస్పత్రిలో డాక్టరు యాదిరా ఆడపిల్ల, మా కళ్ళముందు పెరిగిన పిల్ల.

"దాని జ్ఞానస్నానం రోజున కేకు తిన్నవాణ్ణి నేను! దాని ముందు ప్యాంటు విప్పమంటావా?" అని ఉబాల్దో ఇల్లెగరగొట్టేవాడు.

"కేకు తిన్నందుకే విప్పమంటున్నాను. పరాయిదైతే నేనే ఒప్పుకోను."

"నాకేం జబ్బు లేదు. నీళ్ళెక్కువ తాగుతున్నానంతే."

అక్కడితో నీళ్ళు తాగడం తగ్గించాడు. ఆస్పత్రి ఉన్న వీధిలోంచి నడవడం కూడా మానేశాడు. ఈ మొండివాడు నా కళ్ళముందే ఏదో ఒక రోజు పూర్తిగా బిగుసుకుపోతాడేమోనని నాకు లోలోపల భయంగా ఉండేది. ఎలాగైనా ఆ పిల్ల దగ్గరికి లాక్కెళ్ళాలని నా పంతం, వెళ్ళకూడదని ఆయన పంతం.

ఇక ఆయన ప్రాణమంతా డొమినోలోనే, చుక్కలున్న ముక్కలను కొసకు కొస కలిపే ఆ ఆటలోనే ఉంది. ఫెలో కొట్టు వసారాలో, రేకుల కింద, నలుగురు కూర్చునే చదరపు బల్ల. ఉబాల్దోకు ఎదురుగా కూర్చునే జోడీ ఎప్పుడూ కాయోనే. మా పెద్దాడికి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు, ఆ వరసన మా ఆయనకు బావ. ఆ బల్ల దగ్గర ఒక నియమం ఉంది, ఫెలో దాన్ని గోడ మీద రంగుతో రాయించాడు కూడా. ఆట మధ్యలో కుర్చీ దిగినవాడి జట్టు ఓడినట్టే. ఆ నియమం పెట్టించింది ఎవరనుకున్నారు? మా ఆయనే. ఒకప్పుడు గుమెర్సిందో అనే ముసలాయన ఆటలో మాటిమాటికీ లేచి దొడ్డివైపు వెళ్తుంటే, దారిలో తమ ముక్కలు చూస్తున్నాడని ఉబాల్దో గొడవపెట్టాడు. పాపం ఆ పెద్దాయన చూసిందీ లేదు, చేసిందీ లేదు. ఆయనకు ఎందుకు లేవాల్సి వచ్చేదో మా ఆయనకు ఇప్పుడు బాగా అర్థమైంది. కానీ గోడ మీది రాతను చెరపమని ఏ మొహంతో అడుగుతాడు?

ఈస్టరుకు ముందు ఉబాల్దోకు జలుబు చేసింది. ఫెలో కొట్లో జలుబు మాత్రలు విడిగా, గాజు సీసాలో, పిప్పరమెంట్ల పక్కనే ఉంటాయి. నేనే తెచ్చి ఇచ్చాను. మాత్ర వేసుకుని ఆటకు వెళ్ళినవాడు మధ్యాహ్నమంతా కుర్చీలోంచి కదల్లేదు. ఇంటికి వచ్చి, ఏదో దైవదర్శనం అయినవాడిలా నా వైపు చూశాడు.

"ఏమే నెరెయిదా, ఒక్కసారి కూడా లేవలేదే!"

"జలుబు తగ్గిందా?"

"జలుబు గొడవ దేనికిప్పుడు?"

జలుబు తగ్గిపోయింది. మాత్రలు మాత్రం ఆగలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ మాత్ర ముక్కును ఎండగట్టినట్టే కిందిదాన్నీ ఎండగడుతుందని ఆయన కనిపెట్టాడన్నమాట. ఆ గొప్ప రహస్యాన్ని కాయోకు కూడా చెవిలో చెప్పాడు. ఎందుకంటే కాయో కూడా ఈమధ్య కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. ఇద్దరూ కలిసి సీసా దాదాపు ఖాళీ చేశారు. ఫెలో మాత్రం ఊరికి ఏదో కొత్త జలుబు వచ్చిందనుకుని ఇంకో సీసా తెప్పించాడు.

మే నెలలో రైతుల పునీతుడు సాన్ ఇసిద్రో పండగ వచ్చింది. పండగ రోజున పూజ అయిపోయాక మా పేటకూ, కొండవైపు పేటకూ డొమినో ఆఖరి పోటీ. కొండవైపు నుంచి ఫాబియో, వాళ్ళ తమ్ముడు వచ్చారు. ఫాబియో సంగతి చెప్పాలంటే, మా ఆయన అసహ్యించుకునే మనుషులు ఈ భూమ్మీద ఎందరున్నా అందరికంటే ముందు వరసలో ఉండేవాడు అతనే. మీసాలకు నూనె రాసుకుని, తెల్లచొక్కా వేసుకుని వస్తాడు. ఉబాల్దో ఎప్పుడు లేస్తాడా అని ఆ రోజంతా కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నాడు.

"దోన్ ఉబాల్దో, బాత్రూము అటువైపు. దారి తెలుసుగా?" అన్నాడు ఆట మొదట్లోనే, పెద్దమనుషులను పిలిచే ఆ "దోన్"ను సాగదీస్తూ.

"నీకు కావాలంటే వెళ్ళు నాయనా. మేం కుర్చీకి మేకులు కొట్టుకుని కూర్చుంటాం."

నిజంగానే మేకులు కొట్టినట్టు కూర్చున్నారు ఇద్దరూ. ఎండ వసారా దాటింది, వాద్యాలవాళ్ళు రెండు సార్లు భోజనానికి లేచారు, ఫాబియో తమ్ముడు కాళ్ళు తిమ్మిరెక్కి మూలుగుతున్నాడు, మావాళ్ళు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. చివరికి ఉబాల్దో వరస రెండు కొనలకూ సరిపోయే ముక్కను బల్ల మీద ఠాప్పున కొట్టి ఆట ముగించాడు. మా పేటంతా అరుపులు. ఫెలో బీర్ల మీద బీర్లు తెరిచాడు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి ఉన్న ఇద్దరు ముసలివాళ్ళూ ఆ చల్లటి సీసాలను గటగటా దించేశారు.

ఇంటికి వచ్చేసరికి ఉబాల్దో చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నేను ఇస్త్రీ పనిలో ఉన్నాను. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తుంటాను, పండగ నాడు ఇంకా ఎక్కువ వస్తాయి. "ఫ్రిజ్‌లో మంచుముక్కలు తీసివ్వవయ్యా, నేను వేడి చేతులతో తెరవకూడదు" అన్నాను. ఇస్త్రీ చేసిన చేతులతో ఫ్రిజ్ తెరిస్తే చలిదెబ్బ కొట్టి వేళ్ళు కొంకర్లు పోతాయని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. ఆ దెబ్బను మేం పాస్మో అంటాం. దాన్ని నేను నమ్ముతాను, నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఆయన తీసిచ్చి స్నానాలగదిలోకి వెళ్ళాడు. చాలాసేపైనా చప్పుడు లేదు. చుక్క లేదు, తిట్టు కూడా లేదు. తిట్టు కూడా వినిపించకపోయేసరికి ఇస్త్రీపెట్టె దించి తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"ఏవయ్యా!"

తలుపు తీశాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ముఖం పిండిలా తెల్లబడింది. బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా ఏదో పైకి తేలింది.

"రావట్లేదే" అన్నాడు. "అస్సలు రావట్లేదు."

"పద ఆస్పత్రికి."

"చస్తే వెళ్ళను. పాస్మో అయ్యుంటుంది. చెమటతో ఉన్నవాణ్ణి ఫ్రిజ్ తెరవమన్నావుగా!"

ఆ మాటను కిటికీలోంచి ఎర్సిలియా వింది. ఎర్సిలియా వింటే ఊరు విన్నట్టే. కాసేపట్లో మా ఇల్లు ఇరుగుపొరుగుతో నిండిపోయింది. అందరూ నా వైపు, మొగుణ్ణి చంపబోయినదాన్ని చూసినట్టు చూస్తున్నారు.

"వేడి ఒంటితో వచ్చినవాణ్ణి ఫ్రిజ్ దగ్గరికి తోలిందట! ఇంతకాలం కాపురం చేసింది, ఆ మాత్రం తెలియదా?" అని ఎర్సిలియా బుగ్గలు నొక్కుకుంది.

నేను దొంగదానిలా నిలబడ్డాను. ఆ మహానుభావుడు అది చూస్తూనే ఉన్నాడు. అసలు సంగతి ఆయనకు తెలుసు, మాత్రలు ఆయన జేబులోనే ఉన్నాయి. అయినా నింద నా మీద పడుతుంటే హాయిగా పడనిచ్చాడు.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. ఒకామె మొక్కజొన్న పీచు కషాయం తెచ్చింది. ఇంకొకామె కొబ్బరినీళ్ళు. మూడో ఆవిడ అల్లం, దాల్చినచెక్క వేసి కాచిన నీళ్ళు. ప్రతివాళ్ళూ తాగించడానికే తెచ్చారు గానీ లోపల ఉన్నది బయటికి వచ్చే దారి గురించి ఒక్కరూ ఆలోచించలేదు. ఎవరో కుళాయి తిప్పి వదిలారు, ఆ ధార చప్పుడు వింటే వస్తుందట. ధార చప్పుడుకు ముగ్గురు పిల్లలు పరుగున దొడ్లోకి వెళ్ళారు, మా ఆయన మాత్రం అలాగే ఉన్నాడు. ఎర్సిలియా పొట్ట మీద ఘాటైన లేపనం రుద్దింది, అది కిందికి జారి ఎక్కడో తగిలి ఉబాల్దో పెట్టిన కేకకు వీధిలో కుక్కలు లేచాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కషాయం గిన్నెలన్నీ తీసి దొడ్లో పారబోశాను. "పోయాల్సింది బయటికి, లోపలికి కాదు!" అని అరిచి, అరటిగెలలు మోసే ట్రక్కు కోసం మనిషిని పంపాను. కాయో, ఫెలో పట్టుకుని ఉబాల్దోను గెలల మీద పడుకోబెట్టారు. దారిలో గొయ్యి వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక్కో పునీతుడి పేరు పిలిచాడు. ఊరి చివరకు వచ్చేసరికి పేర్లు అయిపోయి, మా అమ్మ పేరు పిలిచాడు. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ ఈయన ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

యాదిరా ఒక్క చూపులో గ్రహించింది. "దోన్ ఉబాల్దో, ఇప్పుడు సిగ్గుపడే వ్యవధి లేదు" అని తెర లాగింది. సన్నటి గొట్టం పెట్టింది. లోపలినుంచి ఒక మూలుగు, ఆ తర్వాత పెద్దగా, పొడుగ్గా ఒక నిట్టూర్పు. నన్ను పెళ్ళాడిన నాడు కూడా ఆయన అంత సంతోషంగా నిట్టూర్చలేదు. ఆ వేలి పరీక్ష కూడా ఆ సందట్లోనే అయిపోయింది. అయిందని ఆయనకు తెలియనే లేదు.

"ఏ మందులు వేసుకున్నారు?" అని యాదిరా అడిగింది.

"ఏమీ లేదమ్మా."

"నిజంగా?"

"పాస్మో అమ్మా. మా ఆవిడ ఫ్రిజ్ తెరవమంది."

యాదిరా నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆ గొట్టాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజాలనిపించింది, నిజం చెబుతున్నాను.

చీకటి పడేలోపే పండగ జనంలో సగం మంది ఆస్పత్రికి వచ్చేశారు. కాయో, ఫెలో, ఎర్సిలియా, ఆఖరికి తమ్ముణ్ణి వెంటేసుకుని ఫాబియో కూడా. ఓడిపోయినవాడు గెలిచినవాణ్ణి మంచం మీద చూసే అవకాశం వదులుకుంటాడా? మంచానికి వేలాడుతున్న సంచీని తేరిపార చూసి, "బాగా పండించారు దోన్ ఉబాల్దో" అన్నాడు. అందరూ నవ్వారు. ఉబాల్దో కూడా నవ్వాడు. నొప్పి పోయేసరికి ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. తలగడకు ఆనుకుని, చేతులు తిప్పుతూ, తన పాస్మో కథను చిలవలు పలవలు చేసి చెప్పసాగాడు. చలి ఎలా కడుపులోకి దిగిందో, ఎలా రాయిలా గడ్డకట్టిందో. ఒక్కో వాక్యానికి నా తప్పు ఇంకాస్త పెద్దదవుతోంది.

కాయో మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అందరూ నవ్వాక నవ్వుతున్నాడు. పై పెదవి మీద చెమట. ఒక కాలి మీద ఇంకో కాలు వేసి మెలితిప్పుకున్నాడు.

"కూర్చోవయ్యా అన్నయ్యా" అని కుర్చీ జరిపాను.

"వద్దు చెల్లెమ్మా, నిలబడే బాగుంది."

ఉబాల్దో చేతులు గాలిలోనే ఆగిపోయాయి. బావ వైపు చూశాడు. పండగ కథ చెబుతున్న ముఖం కాస్తా పాలిపోయింది.

"కాయో, ఒంటికెళ్ళావా?"

గదిలో నవ్వులు మళ్ళీ లేచాయి. కాయో నవ్వలేదు.

"వెళ్ళాన్లే బావా."

"ఎప్పుడు?"

"పొద్దున. ఇక్కడ ఆ మాటలేంటి? ఆడవాళ్ళున్నారు. కొండవైపువాళ్ళున్నారు." ఫాబియో వైపు కళ్ళతో సైగ చేశాడు. "నాకేం లేదు. నాకూ కాస్త చలి తగిలినట్టుంది."

ఉబాల్దో దుప్పటి అంచు పట్టుకుని నలిపాడు. నాకు తెలుసు, ఆయన సిగ్గుపడితే అలాగే చేస్తాడు. గదిలో ఉన్న ప్రతి ముఖాన్నీ చూశాడు. ఆఖరున ఫాబియో ముఖం దగ్గర కాసేపు ఆగాడు. 

"డాక్టరమ్మా, ఇలా రా. నేను అబద్ధం చెప్పాను. నాకు పాస్మో లేదు, గీస్మో లేదు. మా ఆవిడ తప్పు ఇసుమంత లేదు. జలుబు మాత్రలు మింగాను. జలుబుక్కాదు, కుర్చీలోంచి లేవకుండా ఉండడానికి. కాయోకి నేర్పింది కూడా నేనే. వాడి పొట్ట చూడు."

"బావా!"

"నోర్ముయ్. మా నాన్న జొరంతో పోయాడని అందరికీ చెప్పాను కదా. జొరం కాదు. ఒంటికి రాక పోయాడు. కొండ మీద నుంచి కంచరగాడిద మీద దింపుకొస్తున్నాం, నేనే పట్టుకుని నడిచాను. పొట్ట ఇంత లావున ఉంది. దారిలో ఊళ్ళు వచ్చాయి. సాయం అడుగుదామంటే వద్దన్నాడు, ఎవరికీ చెప్పకురా, పరువు పోతుందన్నాడు. నేను చెప్పలేదు. కిందికొచ్చేసరికి ఆయన లేడు." కాయో వైపు తిరిగాడు. "నువ్వు కూడా అలా పోతే నా ఎదురుగా ఎవడ్రా కూర్చునేది?"

 మా మామగారు జ్వరంతో పోయారనే ఆయన నాకూ చెప్పాడు. ఒకే మంచం మీద పడుకునేదాన్ని, నాకు కూడా నిజం చెప్పలేదు. ఆస్పత్రంటే అంత భయం వేలికి కాదని, తండ్రి అప్పగించిపోయిన ఆ పరువుకని అప్పుడు తెలిసింది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. వెళ్ళి ఆయన నెత్తిన ఒకటి మొట్టి, ఆ చేత్తోనే జుట్టు సవరించాను. ఎర్సిలియా నా వైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది.

యాదిరా ఆలస్యం చేయలేదు. కాయోను రెక్క పట్టుకుని పక్క మంచం మీదికి తీసుకెళ్ళి తెర లాగింది. లోపలినుంచే అందరికీ వినపడేలా వాయించింది. "ఆ మాత్ర ఒక్క ముక్కునే ఎండగట్టదు. మూత్రసంచీని నొక్కే కండరాన్ని నిద్రపుచ్చుతుంది, బయటి దారిని బిగిస్తుంది. అసలే గ్రంథి ఉబ్బి దారి ఇరుకైనవాళ్ళు అది మింగి, గంటల తరబడి బిగబట్టుకుని కూర్చుని, పైన బీర్లు పోస్తే ఏమవుతుంది? ఇదే అవుతుంది! మలబద్ధకం ఉన్నా ఇంతే, చక్కెరజబ్బు ముదిరినా ఇంతే, రాయి అడ్డుపడినా ఇంతే. కారణాలు సవాలక్ష ఉన్నాయి. చూపించుకుంటేనే గదా ఏదో తెలిసేది! దోన్ ఫెలో, ఆ సీసా రేపు నా బల్ల మీద ఉండాలి."

ఫెలో టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. తెర వెనక రేకు పళ్ళెంలోకి ధార పడిన చప్పుడు మొదలైంది. మగవాళ్ళంతా పూజలో నిలబడ్డట్టు నిలబడి విన్నారు. అది సన్నగా మొదలై, పెద్దదై, ఎంతకీ ఆగలేదు.

"అమ్మాయ్, ఎవరిది ఎక్కువ?" అని ఉబాల్దో అడిగాడు.

"ఇప్పుడా లెక్క?"

"చెప్పమ్మా."

"దోన్ కాయోదే."

"గెలిచాన్రా బావా!" అని తెర వెనకనుంచి కాయో గొంతు, ఏడుస్తూ నవ్వుతూ.

"వాడు నాకంటే ఒక బీరు ఎక్కువ తాగాడు, అది తీసెయ్యాలి" అని ఉబాల్దో గొణిగాడు. కానీ ముఖం మాత్రం వెలిగిపోయింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. ఫాబియో మాత్రం గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. అంటే మాత్రలు మింగి గెలిచారన్నమాట, అని దెప్పుతాడని నేను చీపురు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అతను వాళ్ళ తమ్ముణ్ణి ముందుకు పంపించి, తలుపు దగ్గరగా వేసి, మంచం దగ్గరికి వచ్చాడు. నూనె రాసిన మీసం కొస కొరుక్కున్నాడు.

"దోన్ ఉబాల్దో," అన్నాడు బాగా గొంతు తగ్గించి, "అది పెట్టేటప్పుడు... మరీ నొప్పా?"

 ఎన్నేళ్ళ పగో, ఎన్ని మాటలో, అన్నీ ఉబాల్దో నాలుక చివరికి వచ్చి ఆగడం నేను చూశాను. ఆయన గొట్టం గుంజుకుపోకుండా జాగ్రత్తగా పక్కకు జరిగి, మంచం మీద చోటు చేశాడు.

"ఇలా కూర్చో తమ్ముడూ. ఎన్నాళ్ళనుంచి?"